పరిచయ వాక్యము

ఈ పుటలలో వ్రాయువారు సోదరీమణులు, చదువువారును సోదరీమణులే. నేను హైదరాబాదులో చదువుకొనుచున్న యిరువదిరెండేండ్ల కుఱ్ఱవాడను. నా మాటలకు ఇచట చోటేమని మీ రడుగవచ్చును. మా యమ్మ ఈ పత్రికను ప్రతిమాసము మొదటి యట్ట నుండి చివరి యట్ట వఱకు చదువును. నేను చెప్పబోవు సంగతి విని, ఇది ఇండ్లలో చదువవలసిన సంగతి గాన అచటికే పంపుమని ఆమెయే ఆజ్ఞాపించెను. కావున వ్రాయుచున్నాను.

మాది గుమ్మడిదల. హైదరాబాదు నుండి నర్సాపూరు మీదుగా మెదకునకు పోవు త్రోవలో, దుండిగల్లు దాటిన పిమ్మట వచ్చును. 2016 వఱకు మెదకు జిల్లాలో జిన్నారము మండలమున నుండెను. ఆ యేట జిల్లాలను విభజించినప్పుడు సంగారెడ్డి జిల్లాలో చేరి, తానే యొక మండల కేంద్రమైనది. సమీపముననే బొంతపల్లి యున్నది. అచట వీరభద్రస్వామి యాలయమునకు భక్తులు వత్తురు. చుట్టుప్రక్కలనున్న మందుల కర్మాగారములకు కూలివారు వత్తురు. బీహారు, ఒడిశా, శ్రీకాకుళము మున్నగు దూరప్రాంతముల వారు ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు చేరి కాలము గడుపుదురు. ఇద్దఱు పురుషులు ఒక గదిలో నుండుట మా యూరివారికి వింత కాదు. ఈ మాట ముందుగా చెప్పుటకు కారణము మీకే తెలియగలదు.

నేను ఎం.ఏ.లో ఆంగ్లసాహిత్యము చదువుచున్నాను. మాకు నచ్చిన యొక పాఠ్యాంశమును ఎన్నుకొనుటకు వీలు గలదు. నేను ఎన్నుకొన్నది క్వీర్ సాహిత్యము. పురుషుని వలచిన పురుషులు, స్త్రీని వలచిన స్త్రీలు, పుట్టినప్పుడు ఇతరులు నిర్ణయించిన లింగమునందు ఇముడలేక వేఱొక విధముగా బ్రదుకువారు—వీరు వ్రాసినదియు, వీరిని గుఱించి వ్రాసినదియు ఈ పేర చదువుదురు.

మొదటి దినమున అధ్యాపకురాలు మమ్ము చూచి, “పాఠము తరువాత. నేడు ఎవరికి వారు పరిచయము చేసికొనుడు. పేరు, ఊరు, ఈ తరగతికి ఏల వచ్చితిరో చెప్పిన చాలును. మీ రెవరిని ప్రేమింతురో చెప్పనక్కఱలేదు, అది పరీక్షలో అడుగు ప్రశ్న కాదు” అనిరి. అందఱును నవ్వితిమి. ఒకడు లేచి, ఈ సాహిత్యములో నున్నది తన కథయే యని తడబడక చెప్పెను. ఇంకొకడు తనకు అనువైన వేళలో నున్న పాఠ మిదొక్కటే యనెను. నా వంతు వచ్చినది. పేరు చెప్పితిని; ఊరు చెప్పితిని. మూడవ మాట నోట రాలేదు. రేపటి వఱకు గడువు కోరితిని. ఆమె యిచ్చిరి.

మీరు తొందరపడి యేదో యూహింపవచ్చును. నేను దాచినది నా హృదయ రహస్యము కాదు. నాకు తెలిసినంత వఱకు నా మనస్సు పెక్కుమంది పోవు త్రోవనే పోవుచున్నది. నేను దాచినది నేను చేసిన యొక తప్పు. ఏడేండ్ల క్రిందట నే నొకరిని ఇతరులకు పరిచయము చేసి యుంటిని. ఆ పరిచయము అబద్ధము.

మా యమ్మకు ఒక్కడే తమ్ముడు. ఆయన బొంతపల్లి వైపున నొక మందుల కర్మాగారములో పనిచేసెడివాడు. పెండ్లి చేసికొనలేదు. అచటనే పనిచేయు శ్రీకాకుళము జిల్లా వాడొకడును ఆయనయు మా వీధి చివర రెండు గదులు కిరాయికి తీసికొని, పదునాలుగేండ్లు కలిసి యుండిరి. ఒకరికి పగటి పని, ఒకరికి రాత్రి పని పడిన వారములలో వారి నడుమ నొక టిఫిను క్యారియరు తిరుగుచుండెను. నిండి పోవును, కడిగి వచ్చును. పిల్లలకు పిలుచుట కొక వావి కావలెను గదా! మేము రెండవవానిని చిన్నమామ యంటిమి. అట్లు పిలువుమని యెవరును నేర్పలేదు. వలదనియు నెవరు ననలేదు. నాకు లెక్కలు నేర్పినది చిన్నమామ. సంక్రాంతికి తన యూరు పోయి వచ్చునపుడు మా యమ్మకు పలాస జీడిపప్పు మఱవక తెచ్చెడివాడు. మామకు సంబంధములు వచ్చినవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వంక చెప్పగా, మా యమ్మమ్మ విసిగి వెదకుట మానెను.

2018 నవంబరు మొదటి వారమున మామ పని నుండి వచ్చి, ఛాతీలో నొప్పి యని కూర్చుండెను. చిన్నమామ ఆటోలో తన యొడిలో పండుకొనబెట్టుకొని ఆస్పత్రికి తీసికొనిపోవుచుండగా త్రోవలోనే ప్రాణము పోయెను. శవము ఇంటికి వచ్చినది మొదలు చిన్నమామ యెవరికిని ఏమియు కాకపోయెను. నిప్పు పెట్టవలసిన వారెవరని పెద్దలు తర్కించి, అమ్మకు పెదనాన్న కుమారునిచేత పెట్టించిరి. పాడె మోయుటకు పిలిచిన నలుగురిలోను చిన్నమామ లేడు. ఆయన వేపచెట్టు క్రింద నిలిచి, వచ్చినవారికి నీళ్ళందించుచుండెను.

పదకొండవనాడు భోజనములు జరుగుచుండెను. నర్సాపూరు నుండి వచ్చిన పెద్దమనుష్యు డొకడు నన్ను పిలిచి, “గాయన ఎవరు బిడ్డా? మనోళ్ళేనా?” అని యడిగెను. నా కప్పుడు పదునైదేండ్లు. బడిలో కొందఱు పిల్లలు మా మామలను తలచి “తేడా” యని ముసిముసి నవ్వులు నవ్వుట అప్పటికే వినియుంటిని. మా చిన్నమామ యని చెప్పినచో, తరువాత రాబోవు ప్రశ్న యేదియో నాకు తెలియును. “ఎవరు గాదు తాతా, మామ రూముల కిరాయికుంటడు” అంటిని.

చిన్నమామ నీళ్ళ చెంబుతో నా వెనుకనే యుండెను. ఏమియు ననలేదు. నా విస్తరి ప్రక్కనున్న గ్లాసు నింపి, ముందునకు సాగెను. వారము తిరుగకముందే గదులు ఖాళీచేసి వెడలిపోయెను.

“తేడా” యను మాటను మీరును వినియే యుందురు. దానిని పలుకునప్పుడు పెదవి యొక ప్రక్కకు వంగును. ఆంగ్లమున “క్వీర్” అను మాటకును మొదట వింతయైనది, తేడాగా నున్నది యనియే యర్థము. చాల కాలము అదియు నొక తిట్టే. 1980ల చివరను, 1990ల మొదటను ఆ తిట్టు పడినవారే దానిని తమ పేరుగా స్వీకరించిరి. తమపై విసరిన రాతిని తీసి తమ యింటికి గడపగా వేసికొన్నట్లు. నేను చేరిన పాఠము పేరు వినగానే నా చెవిలో మ్రోగినది ఆ బడిపిల్లల నవ్వే.

ఇది పరదేశపు సంగతి యని మొదట నేనును తలచితిని. చదువగా, త్రోవ మా హైదరాబాదు మీదుగనే పోవుచున్నది. ఇ. ఎం. ఫార్‌స్టర్ అను ఆంగ్ల రచయిత 1924లో ప్రకటించిన “ఎ పాసేజ్ టు ఇండియా” నవలను సయ్యద్ రాస్ మసూదునకు అంకిత మిచ్చెను. ఈ మసూదు నిజాము రాజ్యమున విద్యాశాఖకు అధిపతియై, ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు పాటుపడినవాడు. 1921లో ఫార్‌స్టర్ హైదరాబాదు వచ్చి యాయనకు అతిథిగా నుండెను. ఫార్‌స్టర్ మసూదును ప్రేమించెను. మసూదు ఆ ప్రేమను అదే విధముగా తిరిగి యీయలేకపోయినను స్నేహమును మాత్రము విడువలేదు. ఇద్దఱు పురుషులు తుదకు సుఖముగా కలిసియుండు “మారిస్” అను నవలను ఫార్‌స్టర్ 1913-14లోనే వ్రాసి, నమ్మిన మిత్రులకు మాత్రమే చూపి దాచెను. 1970లో ఆయన పోయెను. 1971లో పుస్తకము వెలువడెను. అంత గొప్ప రచయితయు తన్ను గుఱించిన యొక్క మాటను ఏబదియేండ్లకు పైగా సొరుగులో పెట్టి తాళము వేసికొనవలసి వచ్చెను.

ఉర్దూలో ఇస్మత్ చుగ్తాయీ 1942లో “లిహాఫ్” అను కథ వ్రాసెను. భర్త యాదరణ నోచుకొనని యొక బేగమును, ఆమె సేవకురాలిని చిన్నపిల్ల కన్నులతో చూచి చెప్పిన కథ యది. అశ్లీలమని లాహోరు న్యాయస్థానమున అభియోగము తెచ్చిరి. ఆమె క్షమాపణ చెప్పలేదు, అభియోగము నిలువలేదు. మన తెలుగునను ఇట్టిది జరిగినది. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ప్రకటింపగా ప్రభుత్వము నిషేధించెను. 1947లో గాని యా నిషేధము తొలగలేదు. ఆ కావ్యపు విషయము వేఱు. కాని ఆడది వ్రాయదగినది కాదు, ఇంట నుండదగినది కాదు అన్న మాట మాత్రము ఒక్కటే. ఆ మాట మీకు క్రొత్త కాదు.

తమిళనాట రేవతిగారు హిజ్రాగా తాము గడపిన జీవితమును తామే వ్రాసిరి. దానిని పి. సత్యవతిగారు “ఒక హిజ్రా ఆత్మకథ” యను పేర తెలుగు చేసిరి. ఆ యనువాదమునకు 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము లభించెను. ఆ పుస్తకమును వేసవి సెలవులలో ఇంటికి తెచ్చి, ఏమియు చెప్పక బల్లపై నుంచితిని. అమ్మ మూడు మధ్యాహ్నములలో ముగించి, “ఇంట్ల ఉండనియ్యకపోతే బజార్ల చప్పట్లు కొట్టక ఏం జేస్తరు?” అనెను. అంతకు మించి యేమియు ననలేదు. నేనును అడుగలేదు.

మన వ్యాకరణమును చూడుడు. వాడు వచ్చినాడు, ఆమె వచ్చినది, బండి వచ్చినది. ఏకవచనమున స్త్రీకిని బండికిని ఒక్కటే క్రియ. సరియైన చోటు లేకుండుట యన నేమో సోదరీమణులకు నేను చెప్పవలెనా? కాని గౌరవముతో “వారు వచ్చినారు” అన్నచో, పురుషుడా, స్త్రీయా, మఱొకరా యను ప్రశ్నయే పుట్టదు. మనము గౌరవింప దలచినచో భాష త్రోవ యిచ్చును.

చట్టమునకు మాత్రము చాల కాలము పట్టినది. నిజాము రాజ్యమున 1919లో నొక శాసనము పుట్టెను. హిజ్రాల పేర్లు దస్త్రమున నెక్కింపవలెను. స్త్రీవేషమున వీధిలో కనబడినను, ఆడినను, పాడినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. నిజాము రాజ్యము పోయినను ఆ శాసనము మిగిలెను. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసెను. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను పురుషుల ప్రేమను నేరముగా చూచెడిది. వయస్సు వచ్చిన యిద్దఱు సమ్మతితో నున్నచో అది నేరము కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పెను. ఒకనాడు బస్సులో కూర్చుండి లెక్క చూచితిని. చిన్నమామ నేర్పిన లెక్కయే. ఆ తీర్పు వచ్చిన పిమ్మట మా మామ బ్రదికినది రెండు నెలలు.

2023 అక్టోబరు 17న, హైదరాబాదు వారైన యిద్దఱు పురుషులు మొదటి అర్జీదారులుగా నడచిన వ్యాజ్యమున, ఇట్టి జంటల పెండ్లికి గుర్తింపు నీయుట చట్టసభల పనియే గాని తన పని కాదని అదే న్యాయస్థానము చెప్పెను. 2024 ఆగస్టులో కేంద్రప్రభుత్వము, ఇట్టివారు కలిసి బ్యాంకు ఖాతా తెఱచుటకును, ఒకరి పేరు నొకరు నామినీగా వ్రాసికొనుటకును అడ్డు లేదని తెలియజేసెను. చూచుటకు చిన్న సంగతి. మరణించిన వాని కాగితములలో తన పేరెచటను లేక వేపచెట్టు క్రింద నిలిచినవానికి అది చిన్నది కాదు.

గడువు కోరిన నాటి రాత్రి ఇల్లు చేరుసరికి ఎనిమిది దాటెను. అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచుండెను. నేనును ప్రక్కన కూర్చుండి తీయసాగితిని.

“అమ్మా, మామ సంగతి నీకు తెలుసా?”

అమ్మ చేయి ఆగలేదు. “తెల్వకేంది కొడుకా? దాని పేరేందో తెల్వదు. మనుషులు తెలుసు గద.”

“పదకొండోనాడు నేనన్న మాట ఇన్నవా?”

“ఇన్న.” కొంతసేపటికి మరల ననెను: “నువ్వు పోరనివి. నేను పెద్దదాన్ని గద, నేను గూడ నోరు తెరువలే.”

పిమ్మట ఏడేండ్లుగా నాకు తెలియని సంగతి చెప్పెను. మామ ప్రావిడెంటు ఫండు సొమ్ము తనకు రాగా, అమ్మ అందులో సగము తీసికొని, ఎవరికిని చెప్పక బస్సెక్కి పటాన్‌చెరు పోయెనట. చిన్నమామ అప్పటికి అచట నొక కర్మాగారమున కుదిరియుండెను. సొమ్ము ముట్టుకొనలేదు. “డబ్బులొద్దక్కా, ఆడి క్యారేజీ ఉంటే ఇయ్యి” అనెనట. అమ్మ మరల నొకసారి పోయి టిఫిను క్యారియరు ఇచ్చి వచ్చెను. నాటి నుండి ప్రతి సంక్రాంతి తరువాత ఎవరో యొకరి చేత ఆయన జీడిపప్పు పంపుచునే యున్నాడు. ఈ యేడేండ్లును మా యింటి పాయసములో నేను తిన్నది ఆయన జీడిపప్పే.

మఱునాడు తరగతిలో లేచి, ఎవరి పేరును చెప్పక, ఇట్లంటిని: “మాది గుమ్మడిదల. నాకు ఇద్దఱు మేనమామలు. వారు పదునాలుగేండ్లు కలిసి కాపురము చేసిరి. ఒకరు పోయిరి. ఉన్న యొకరిని నేను నలుగురిలో కిరాయిదారని చెప్పితిని. మఱొకమాఱు అట్టి మాట నా నోట రాకుండుటకై ఈ పాఠమునకు వచ్చితిని.” అధ్యాపకురాలు తల యూచి, తరువాతివారిని లెమ్మనిరి. ఎవరును చప్పట్లు కొట్టలేదు, ఎవరును నవ్వలేదు. అది నాకు మేలే యనిపించెను.

ఆ యాదివారము నేనును అమ్మయు పటాన్‌చెరు పోయితిమి. తలుపు తెఱచినవాని జుట్టు సగము నెరసియుండెను. గూటిలో టిఫిను క్యారియరు తళతళలాడుచుండెను. “చిన్నమామా” అంటిని. “ఎంత పొడుగైపోనావు నాయినా!” అని భుజము పట్టుకొనెను. నేను క్షమాపణ మొదలుపెట్టగా చేయి యడ్డు పెట్టి, “చిన్న పిల్లోడివి, నీదేటి తప్పు? ఇల్లుగలోళ్ళకీ, పనికాడా, నేనూ అదే చెప్పీవోడిని, రూమ్మేటుననీ. మీ మామా అదే చెప్పీవోడు” అనెను. ఆ మాట నన్ను ఓదార్చలేదు. నేనొక్కమాఱు చెప్పిన యబద్ధమును వారిద్దఱు పదునాలుగేండ్లు ప్రతిదినము చెప్పవలసి వచ్చెను. ఈ సంగతి వ్రాయవచ్చునా యని యడిగితిని. కొంత యాలోచించి, “నా పేరు రాయకు. ఊరి పేరు రాసుకో” అనెను. కావుననే పేర్లు లేవు.

సోదరీమణులారా, ఇట్టి పుస్తకములు బిడ్డలను చెడగొట్టునని మీకెవరైన చెప్పవచ్చును. అవి నన్ను మార్చిన దొక్కటే: ఒక పిలుపును మరల నా నోటికి తెచ్చినవి. న్యాయస్థానములు చేయవలసినవి చేయును, మానవలసినవి మానును. వావి కలుపుట మాత్రము మన యిండ్లలో స్త్రీల పని. వాకిట క్రొత్తవా రడుగిడినప్పుడు పిల్లవాడు తల్లి ముఖము చూచును. ఆమె “బాబాయి” అన్న బాబాయి, “అత్త” అన్న అత్త. మా యమ్మ ఆనాడు అనలేకపోయిన మాటను ఈ దసరాకు అనెను. చిన్నమామ మా యింటికి వచ్చెను. పొరుగింటావిడ వాకిట నిలిచి, వచ్చినదెవరని యడిగెను. అమ్మ పిండి చేతులతోనే బయటికి వచ్చి, నలుగురికి వినబడునట్లు, “మా చిన్నతమ్ముడు” అనెను.